ణ అంటే బాణం

తుర్కయాంజాల్‌లో సాగర్ రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే, వెంచర్ల నడుమ ఇంకా ప్లాట్లు కాకుండా మిగిలిన రెండెకరాల మామిడితోట ఒకటుంది. మా అక్క అత్తగారి వాళ్లది. మొన్న జూన్ చివర్లో శని, ఆదివారాలు మేం ఆరుగురం హామ్ రేడియో వాళ్లం, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లం, అక్కడ డేరా వేశాం. పెట్టుకున్న నియమాలు రెండే: కరెంటు తీగ ముట్టరాదు, కప్పు కింద కూర్చోరాదు. బ్యాటరీ, సోలార్ పలక, తీగ, తాడు, వెదురు బొంగులు. అమెరికాలో 1933లో మొదలై, ఇప్పుడు జూన్ నాలుగో పూర్తి వారాంతంలో ఇట్లాగే బయట కూర్చుని రేడియో నడుపుతారు. ఫీల్డ్ డే అంటారు. మన వైపు వాళ్లకు ఆ పోటీలో పేరిచ్చుకునే వీలు లేదు. వాళ్లు మనల్ని పట్టుకుంటే మాత్రం వాళ్ల లెక్కలోకి వస్తుంది. పోటీ కోసం కాదు, ఆ కట్టుబాటు కోసం మేం అదే వారాంతం ఎంచుకుంటాం.

తోట ఇచ్చింది మా బావ. ముప్పై ఏళ్లకు పైగా టెలిఫోన్లలో పనిచేసి రిటైరయ్యాడు, చివరి కొన్నేళ్లు విశాఖపట్నంలో. తోట ఇచ్చిన మనిషే మా పనికి ఎదురు నిలబడ్డాడు. ఆ రెండు రోజుల మాటలు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. ఆయన వాదనలో బలం ఉన్న చోట దాన్ని తగ్గించలేదు.

బావ: పొద్దటి సంది చూస్తున్న బామ్మర్దీ. ఒకడు "సీక్యూ సీక్యూ" అంటడు. అవతలోడు "ఫైవ్ నైన్" అంటడు. వీడు "సెవెంటీ త్రీ" అని దండం పెట్టి పుస్తకంల రాసుకుంటడు. మళ్ల మొదటి కాడికే. మనిషితోని మనిషి మాట్లాడింది ఏమన్న ఉన్నదా ఇండ్ల?

నేను: సీక్యూ అంటే "వినేవాళ్లెవరైనా ఉన్నారా" అని కేక. ఐదంటే మాట తేటగా అర్థమైందని, తొమ్మిదంటే సిగ్నల్ గట్టిగా వచ్చిందని. డెబ్బై మూడు అంటే శుభాకాంక్షలు. పలకరింపు చిన్నదే బావా. కానీ అది అందడానికి ముందు జరిగిన పని చూడు. పొద్దున మేం రాకముందు ఇక్కడేమున్నది? చెట్లు, నీ బోరు మోటారు. సాయంత్రానికి రాజమండ్రి పలికింది, నాగపూర్ పలికింది, మదురై పలికింది. మధ్యలో టవర్ లేదు, ఎక్స్ఛేంజీ లేదు, బిల్లు లేదు.

బావ: తీగ కట్టుడు గొప్పనా? నా సర్వీసుల ఎన్ని వేల మీటర్లు గుంజిన.

నేను: నువ్వు గుంజిన తీగ రెండు కొసలా మనిషి ఉన్నాడని తెలిసి గుంజినవ్. మేం ఒక్క కొసే కడతాం. రెండో కొస ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

ఈ మాట కొంచెం విప్పాలి. మేం కట్టింది డైపోల్ అనే తీగ యాంటెన్నా. 7 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే 40 మీటర్ల బ్యాండ్‌కు మొత్తం 20 మీటర్ల తీగ సరిపోతుంది, నడిమికి చెరో పది. నడిమిని ఎత్తు మీద కట్టి, రెండు చేతుల్నీ కిందికి వాలుస్తాం. మా కుర్రాడొకడు గులేరుతో రాయి వేసి, రాయి వెంట దారం, దారం వెంట తాడు మామిడికొమ్మ మీదుగా దాటించాడు. అంత తక్కువ ఎత్తులో కట్టిన తీగ నుంచి తరంగం చాలా మటుకు నిటారుగా పైకి పోతుంది. అయనోవరణం దాన్ని వెనక్కి వంచితే, పట్టిన గొడుగు మీది నుంచి నీళ్లు జారినట్టు చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. పగటిపూట తెలుగు నేల అంతా ఆ గొడుగు కిందికి వస్తుంది. చీకటి పడ్డాక అదే తీగతో ఇంకా చాలా దూరం పోవచ్చు. ఎండకు ఏర్పడి సిగ్నల్‌ను మింగే కింది పొర రాత్రికి ఉండదు.

బావ: గది సరే. గా పని మీ ఇంటి డాబా మీద చేసుకోరాదా? దోమలల్ల వచ్చి పండుడు ఎందుకు?

నేను: వినడానికి వచ్చినం.

బావ: ఏమి విననీకె?

నేను హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టాను. పది క్షణాలు విని తీసేశాడు. "ఏం లేదు, గాలి సప్పుడు" అన్నాడు. ఆ ఏమీ లేకపోవడం కోసమే మేం వచ్చామని ఆయనకు చెప్పడం కష్టమైంది, చదివేవాళ్లకూ కష్టమే. సిటీలో మా ఇంట్లో ఇదే బ్యాండ్ పెడితే, ఏ స్టేషనూ లేకుండానే సిగ్నల్ బలం చూపే మీటరు సూది ఎనిమిది దగ్గర ఊగుతుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోను ఛార్జర్లు, లిఫ్టు మోటార్లు అన్నీ కలిసి చేసే రొద అది. తోటలో అదే సూది మూడుకు పడిపోయింది. ఒక్కో గీత 6 డెసిబెళ్లు. ఐదు గీతలంటే 30 డెసిబెళ్లు, పవర్ లెక్కలో వెయ్యి రెట్లు. అంటే ఇంట్లో నాకు వినపడాలంటే వెయ్యి వాట్లతో అరవాల్సినవాడు తోటలో ఒక్క వాటుతో గొంతు విప్పితే చాలు. ప్రపంచంలో ఎందరో చిన్న గొంతులతో పిలుస్తున్నారు. మన ఇళ్ల రొదలో అవి మనకు అందవు. రెండు రోజులు ఊరి బయట కూర్చుంటే అందుతాయి. నాకు ఈ సరదాలో అన్నిటికన్నా ప్రియమైనది ఇదే, దీన్ని సరదా అనడానికి కూడా మనసొప్పదు. అయిదేళ్ల కిందట ఈ తోటలోనే సూది ఒకటి దగ్గర ఉండేది. చుట్టూ వీధిదీపాలు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి. నిశ్శబ్దం కూడా ఎకరాల చొప్పున అమ్ముడుపోతోంది.

శనివారం రాత్రి పది దాటాక ఇబ్రహీంపట్నం వైపు మెరుపులు మొదలయ్యాయి. హెడ్‌ఫోన్లో ఒక్కో మెరుపుకు కర్ర విరిగినట్టు చప్పుడు. యాంటెన్నా తీగను రేడియో నుంచి విప్పి దూరంగా పడేశాం. పిడుగుతో పంతం ఎవరూ పట్టరు. వాన దంచింది. కప్పు కింద కూర్చోరాదన్న నియమం వదిలి అందరం మోటారు షెడ్డులోకి చేరాం. అక్క పంపిన సర్వపిండి తిన్నాం. కరెంటు పోయింది. ఆ చీకట్లో బావ అసలు మాట తీశాడు.

బావ: 2014 అక్టోబరు 12, ఆదివారం. తుఫాను, హుద్‌హుద్. నేను వైజాగ్‌ల ఉన్న. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. పగలు మొత్తం కొట్టింది. తెల్లారి చూస్తే కైలాసగిరి మీద ఒక్క చెట్టుకు ఆకు లేదు. ఊరి నిండ చెట్లు కూలినయి, స్తంభాలు కూలినయి, కూలిన చెట్ల వేర్లతోని కేబుళ్లు పైకి లేచినయి. టవర్లల్ల బ్యాటరీలు కొన్ని గంటలు గుంజి ఆగిపోయినయి. జనరేటర్ ఉన్నకాడ డీజిల్ లేదు, డీజిల్ ఉన్నకాడ తొవ్వ లేదు. మేం గొడ్డళ్లు పట్టుకొని తిరిగినం. నేను ఇంజినీరును, డీజిల్ డబ్బా మోసిన. ఫోన్లను లేపింది ఎవరు? గొడ్డలి, డీజిల్, లైన్‌మన్. మీ ఫైవ్ నైన్ కాదు.

నేను: ఒప్పుకుంటున్న. ఫోన్లు లేపేది మీరే. మేం ఎన్నడూ లేపలేం. ఊరంతా మాట్లాడుకునే సత్తా మా తీగకు లేదు. ఒకసారి ఒకరే మాట్లాడాలి. కానీ ఆ డీజిల్ ఎక్కడుందో, ఏ తొవ్వ తెరుచుకుందో మీకు ఎట్ల తెలిసేది?

బావ: మనిషిని పంపి.

నేను: పోయి రానీకె ఎంతసేపు?

బావ ఆ ప్రశ్నకు చాలాసేపు జవాబివ్వలేదు. తర్వాత "ఒకసారి పూట పట్టింది. అక్కడికి పోతే డ్రమ్ము ఖాళీ" అన్నాడు.

నేను: మేం చేసేది గంతే బావా. ఆ పూటను నిమిషాలకు తెచ్చుడు. 2004ల అండమాన్‌ల అయింది గుర్తుందా? మన హైదరాబాద్‌ల 1983ల పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది కదా, ఎస్. సూరి పెట్టింది. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే ఆమె ఆ డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ పోయి స్టేషన్ పెట్టింది. అండమాన్ నుంచి హామ్ వాళ్ల గొంతు వినపడక 17 ఏళ్లయింది. ప్రపంచమంతా ఆమెతో ఒక్క ఫైవ్ నైన్ కోసం క్యూ కట్టింది. నువ్వన్నట్టు ఉత్త ఫైవ్ నైన్‌లే. డిసెంబరు 26 పొద్దున ఆరున్నరకు భూమి అదిరింది, వెనకాలే సునామీ. ఫోన్లు పోయినయి. ఫైవ్ నైన్ కోసం కట్టిన తీగ అక్కడ సిద్ధంగా ఉన్నది. అదే తీగ మీద నుంచి "మా వాళ్లు బతికే ఉన్నారు" అన్న మాటలు ఒడ్డుకు చేరినయి.

బావ: అది అదృష్టం. ఆమె ఆడ ఉన్నది గనక.

నేను: ఉండటం అదృష్టమే. సునామీ ఎవరినీ అడిగి రాదు. కానీ పరికరాన్ని ఆరుబయట పెట్టి, దొరికిన కరెంటుతో నడిపి, గుంపుల నుంచి ఒక్క గొంతును విడదీసి వినే అలవాటు అదృష్టం కాదు. ఆమె దాన్నే మూడు వారాలు చేసింది గనకనే ఆ రోజు చేయగలిగింది. మేం ఏడాదికి రెండు రోజులు చేస్తున్నం. అంతే తేడా.

బావ: ఇప్పుడు శాటిలైట్ ఫోన్లు ఉన్నయి. కలెక్టర్ల దగ్గర ఉన్నయి, పోలీసు వైర్‌లెస్ ఉన్నది. ఫోన్లకు ఒక్కసారే బీప్ కొట్టే అలర్టులు 2023ల దేశమంతా పరీక్ష చేసిన్రు. ఇంక మీ మామిడికొమ్మ ఎవరికి కావాలె?

నేను: ఆ బీప్ రావాలంటే టవర్ బతికుండాలె. శాటిలైట్ ఫోన్ కలెక్టర్ దగ్గర ఉంటది, వాడకట్టుల ఉండదు. ఉపగ్రహం మాకూ ఒకటుండె. శ్రీహరికోట నుంచి 2005 మే 5న ఇస్రో పంపిన హామ్‌శాట్. నలభై రెండున్నర కిలోల చిన్నది. చేతిలో పట్టుకునే యాంటెన్నాతోనే దాని మీదుగా మాట్లాడేవాళ్లం. తొమ్మిదేళ్లు పనిచేసి 2014 జులైల బ్యాటరీ పోయి ఆగిపోయింది. నీ హుద్‌హుద్‌కు మూడు నెలల ముందు. ఆకాశంలది పోయినా, టవర్ మీదిది పోయినా చివరికి బ్యాటరీ కాడనే పోతది. అది పోయినంక ఏం చెయ్యాలో తెలిసిన మనుషులు ఊరికి పది మంది ఉండాలంటున్న. కలెక్టర్ దగ్గర ఒకటుండాలె, మాలాంటోళ్లూ ఉండాలె.

బావ: పది మంది ఎట్లయితరు? లైసెన్సు లేకుండ ముట్టరాదంటివి.

ఆ మాట నిజమే. కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష రాయాలి, పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయవచ్చు. ఎలక్ట్రానిక్స్ కొంచెం, నియమాలు కొంచెం. పై స్థాయి కావాలంటే మోర్స్ కోడ్ నిమిషానికి ఎనిమిది మాటలు పంపడం, అందుకోవడం రావాలి. కష్టమైన పరీక్ష కాదు. కష్టం ఆ తర్వాతి వేచి చూడటంలో ఉంది. సర్టిఫికెట్ చేతికి వచ్చేలోపు పిల్లలు ఇంకో చదువులో పడిపోతారు. ఇది నన్ను ఏళ్ల తరబడి బాధపెడుతున్న విషయం. బడిపిల్లలు ఈ డేరాకు వచ్చి గులేరుతో తాడు వేసినప్పుడు వాళ్ల కళ్లు చూసినవాడికి ఆ ఆలస్యం అన్యాయమని తెలుస్తుంది.

వాన తగ్గేసరికి అర్ధరాత్రి దాటింది. తీగ మళ్లీ తగిలించాం. అమెరికా వాళ్ల ఫీల్డ్ డే మన గడియారంలో రాత్రి పదకొండున్నరకే మొదలైంది. మా చిన్న పవర్‌కు అటు నుంచి ఎవరూ పలకలేదు. జపాన్ పలికింది, ఇండోనేషియా పలికింది. తెల్లవారుజామున ఒక ఆస్ట్రేలియా ముసలాయన వాతావరణం అడిగాడు. మామిడిపళ్లు అయిపోయాయని చెప్పాను.

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ బావ ఇంకో వైపు నుంచి వచ్చాడు. ఆ వాదన నాకు ఇప్పటికీ పూర్తిగా జవాబు దొరకనిది.

బావ: రాత్రంత ఆలోచించిన. మీరు మాట్లాడింది ఎవలైన వినొచ్చు గదా?

నేను: ఎవరైనా. దాచిపెట్టి మాట్లాడటం మాకు నిషేధం. సంకేత భాష కుదరదు. వ్యాపారం మాట్లాడరాదు, పైసలు తీసుకోరాదు.

బావ: మరి సచ్చిపోయినోళ్ల పేర్లు చదివితే? ఇంట్ల వాళ్లకు తెలువకముందు రేడియోల పెట్టుకున్నోడు వింటడు. మేం టెలిఫోన్లల్ల పనిచేసెటోళ్లం, లైను మీద మాట విన్నా బయటికి చెప్పొద్దని మాకు కట్టుబాటు.

నేను: పేర్లు చదవం. క్షేమంగా ఉన్నోళ్ల పేర్లు చదువుతాం. చనిపోయినవాళ్ల సంగతి అంకెల్లో, పోలీసు ద్వారా పోవాలని మాలో మేం పెట్టుకున్నాం.

బావ: అప్పుడు పేరు లేనోళ్ల ఇంట్లోళ్లు ఏమనుకోవాలె? క్షేమం లిస్టుల లేరంటే పోయిన్రనే గదా.

నా దగ్గర మాట లేకపోయింది. ఆయన ఆపలేదు.

బావ: ఇంకోటి. రాత్రి నువ్వు జపానోనితోని మాట్లాడినవ్. ఈ తోట కావలి మనిషి ఇంట్ల ఎందరున్నరు? ముసలోళ్లకు షుగరుందా? తెలుసా? 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు తెగి కాలనీల మీద పడ్డది. ఇక్కడికి ఎంత దూరం? రేపు మన మాసబ్ చెరువు పొంగితే మొదాలు ఏ గల్లీ మునుగుతదో మీ ఆరుగురిల ఎవనికి ఎరుక? కబురు ఆకాశం నుంచి దిగుతది, ఒప్పుకున్న. దిగినంక ఎవని తలుపు కొట్టాలె? ఆ తలుపు తెలువనోనికి ఈ తీగ ఎందుకు?

ఫీల్డ్ డే నిబంధనల్లో ఒక ముచ్చట ఉంది. జనం తిరిగే చోట డేరా వేస్తే 100 పాయింట్లు, వచ్చినవాళ్లకు వివరించే బల్ల పెడితే 100, ప్రజాప్రతినిధి వచ్చి చూస్తే 100, కాగితం మీద పద్ధతిగా ఒక సందేశం రాసి పంపితే 100. ఆ నియమాలు రాసినవాళ్లకు బావ చెప్పింది తెలుసు. మేం తోటలోకి వచ్చాం, ఊళ్లోకి రాలేదు. నిశ్శబ్దం వెతుక్కుంటూ మనుషులకు దూరంగా వచ్చాం. రెండూ ఒక్కచోట దొరకవు. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు. వచ్చే ఏడు ఒక రోజు తోటలో, ఒక రోజు బడి ఆవరణలో పెడదామని మాత్రం అనుకున్నాం.

బావ: సరే, నీ తీగను నేను పరీక్ష పెడ్త. వైజాగ్ దొరుకుతదా?

దొరికింది. గీత గీస్తే ఐదు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. పొద్దున తొమ్మిదిన్నర వేళ ఆ దూరానికి 40 మీటర్లు చక్కగా పనిచేస్తుంది. అవతల ఉన్నాయన నాకు గొంతుతోనే పరిచయం. సిగ్నల్ లేస్తూ పడుతూ ఉంది. బావ ఒక చిత్తుకాగితం మీద ఒక్క వాక్యం రాసిచ్చాడు: "రవణమ్మ, 70 ఏళ్లు, బడిలో ఉంది, ఇన్సులిన్ కావాలి." ఉత్తుత్తి సందేశమని ముందే చెప్పి చదివాను. అవతలాయన రాసుకుని తిరిగి చదివాడు.

"రమణమ్మ, 70 ఏళ్లు, బడిలో ఉంది, ఇన్సులిన్ కావాలి."

బావ: ఆఁ. చూసినవా. రమణమ్మ వేరు, రవణమ్మ వేరు. లిస్టుల ఇద్దరుంటరు. ఒకామె కొడుకు ఏడుస్తడు, ఒకామె కొడుకు తప్పు బడికి ఉరుకుతడు. ఒక్కక్షరం.

మేం పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో విప్పి చెప్తాం. రోమియో, ఆల్ఫా, విక్టర్, అట్లా. రవణమ్మను అట్లాగే విప్పాను. అవతలాయన రాసుకున్నది తెలుగులోకి తిప్పి చదివితే "రవనమ్మ" అయింది. ఒత్తులూ ణకారాలూ ఆ దారిలో నలిగిపోతాయి. మన పేర్లు మన అక్షరాల్లోనే పోవాలి. ఇంతకాలం ఇది నాకు తట్టలేదని చెప్పుకోవాల్సిందే.

బావ: ఒకటో తరగతిల ఎట్ల చదివినవ్? అ అమ్మ, ఆ ఆవు. గట్ల చెప్పు.

నేను: ర, రథం. వ, వల. ణ...

ఆగిపోయాను. ణతో మొదలయ్యే మాట తెలుగులో లేదు. పలక మీద ఆ గడి దగ్గర ఏముండేదో గుర్తు తెచ్చుకోబోయాను. బావ నా చేతిలోంచి మైకు తీసుకోలేదు, లైసెన్సు లేనివాడు తీసుకోకూడదని నిన్ననే విన్నాడు. చెవి దగ్గర చెప్పాడు, నేను గాల్లోకి అన్నాను.

"ణ, బాణంలో ణ. తర్వాత అమ్మలో మ్మ."

ఈసారి మాట తేలిపోయింది, మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే చెప్పాను. అటు కాసేపు గాలి చప్పుడు. తర్వాత పలచగా, ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది.

"రథం ర. వల వ. బాణంలో ణ. అమ్మలో మ్మ. రవణమ్మ. 70 ఏళ్లు."

బావ: ఎంతసేపు పట్టింది?

నేను: పదకొండు నిమిషాలు.

బావ: ఒక్క పేరుకు.

నేను: ఒక్క పేరుకు.

లాగ్ పుస్తకం తన వైపు జరుపుకున్నాడు. కళ్లజోడు తుడుచుకుని, చిత్తుకాగితం వెనక వైపు తిప్పి, రెండో పేరు రాశాడు. దాని పక్కన కుండలీకరణంలో వాళ్ల గల్లీ పేరు రాశాడు.

బావ: ఇది పంపు. గల్లీ గూడ చెప్పు.